మొదటి స్థానం దామెర నరహరికే

కొండాపూర్,
29 నవంబరు 1998.

మొగిలి గారికి,

నమస్కారమండీ. మీరు నన్నెరగరు. పోయిన వారం సినిమా పత్రికలో మీ ఉత్తరం చదివి, దాని కింద అచ్చేసిన చిరునామాకి రాస్తున్నాను.

శతాబ్దం ముగుస్తోంది కదా అని పత్రికవాళ్ళు పాఠకుల ఓట్లడిగి, తెలుగులో గొప్ప దర్శకులు పదిమంది అంటూ ఓ పట్టిక వేశారు. అందరూ బాగుందన్నారు. మీరొక్కరే "దామెర నరహరి పేరు లేని పట్టికను మడిచి పొయ్యిలో పెట్టుకోండి" అని రాశారు. పత్రికవాళ్ళని మెచ్చుకోవాలి, ఆ ముక్క అలాగే అచ్చేశారు. చదవగానే నాకు ఒళ్ళు మండింది. కాసేపటికి హుషారొచ్చింది. ఈ ఊరొచ్చిన నాలుగు నెలల్లో నాకు కోపం తెప్పించిన మొదటి మనిషి మీరే.

నా పేరు ఉదయ్ భాస్కర్. మాది రేపల్లె. మాదాపూర్‌లో కొత్తగా తెరిచిన గుండ్రటి అద్దాల భవనం లేదూ, అందులో ఒక కంపెనీలో పని. ఓ బ్యాంకు వాళ్ళ పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండే అంకెల్లో రాసుకున్నారు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటరు దాన్ని పందొమ్మిది వందలనుకుంటుందట. ఆ రెండంకెల్నీ వెతికి పట్టుకుని నాలుగు చేయడమే నా ఉద్యోగం. పొద్దస్తమానం సంవత్సరాలే చూస్తుంటాను కాబట్టి ఏ సినిమా ఏ ఏడాదిదో నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఇప్పుడు అసలు సంగతి. నా పట్టికలో మొదటి స్థానం చెరుకుమిల్లి సాంబశివం గారిది. అందులో రెండో మాట లేదు. మీ నరహరి గారు తీసిందే నాలుగు సినిమాలు, నాలుగూ పోయాయి. వాటిలో ఒకటి రేపల్లెలో చూశాను. హాల్లో మేం పదకొండు మందిమి, అందులో ఇద్దరు నిద్రపోతున్నారు. నా పక్క సీట్లో కూర్చునే అవినాష్ అనే కుర్రాడు, హిట్లు లెక్కేసి స్థానాలివ్వాలి గానీ ఇష్టాన్ని బట్టి కాదంటాడు. వాడితో రోజూ గొడవే.

మీరు సినిమా ఆపరేటరని రాసుకున్నారు. నాకు భలే అసూయగా ఉంది. బోరబండ ఇక్కడికి ఎంత దూరం కనక! ఓ ఆదివారం వచ్చి మీతో ముఖాముఖి వాదించాలనుంది. రమ్మంటారా?

మీ జవాబు కోసం చూసే
ఉదయ్ భాస్కర్


బోరబండ,
6 డిసెంబరు 1998.

ఉదయ్ భాస్కర్ గారికి మొగిలి నమస్తే.

నా ఉత్తరం అచ్చయినంక జవాబు రాసింది లోకంలో మీరొక్కరే. అది కూడా తిడుతూ రాశారు. సంతోషం.

నాది ఏడో తరగతి చదువు. రాత మాత్రం వారపత్రికలు చదివి చదివి అబ్బింది. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి. ఇరవై ఎనిమిదేండ్లు కేబిన్‌లో నిలబడ్డాను. కేబిన్‌కు జానెడు కిటికీ ఉంటుంది. అందులోంచి ఆపరేటరుకు తెర ఒక్కటే కాదు, జనం తలలు కూడా కనిపిస్తాయి. మీరు టికెట్టు కొని తెరను చూస్తారు. నేను తలలను చూస్తాను. ఏ రీలులో ఎన్ని తలలు లేచి బీడీకి పోయినాయో నోటుబుక్కులో రాసుకునేవాణ్ని. నా పట్టిక ఆ నోటుబుక్కులోంచి వచ్చింది, ఓట్లలోంచి కాదు.

మీ సాంబశివం సినిమాకు హాలు నిండుతుంది, ఒప్పుకుంటాను. కానీ మూడో రీలు, ఏడో రీలు, పదకొండో రీలు వచ్చినప్పుడు తలలు లేస్తాయి. ప్రతి సినిమాకూ అంతే. నరహరి సినిమాకు వచ్చేది నలభై మంది. ఆ నలభై తలలూ కదలవు. రేపల్లెలో ఇద్దరు నిద్రపోయారన్నారు. మిగిలిన తొమ్మండుగురి సంగతి ఎందుకు రాయలేదు?

మీ అవినాష్‌కు చెప్పండి, హిట్లు లెక్కేసేది ఓనర్ల పని, మన పని కాదని.

కలుద్దామన్నారు. ఆదివారం నాలుగాటలు. తీరిక ఉండదు, ఏమనుకోవద్దు. ఉత్తరమే మంచిది. ఉత్తరంలో నేను చెప్పేది మీరు మధ్యలో తుంచరు, మీరు చెప్పేది నాకు ఒక్క అక్షరం పోదు.

మొగిలి


కొండాపూర్,
24 జనవరి 1999.

మొగిలన్నకు,

అన్నా అని పిలిచాను, ఇక గారూ గీరూ మానేస్తాను. ఇక్కడ ఆటోవాళ్ళను కూడా అన్నా అంటున్నాను, మిమ్మల్ని అనకపోతే ఎలా?

ఇరవై ఎనిమిదేళ్ళు జనాన్ని వెనకనుంచి చూశారన్నమాట. నేను మా ఆఫీసులో చూసేదీ అదే. మా అంతస్తులో రెండు వందల మందిమి. అందరివీ వీపులే. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరి గుంపు వాళ్ళది. సినిమా కబురెత్తితే "ఓ, నైస్" అని ట్రే తీసుకుని లేచిపోతారు. సాయంత్రం ఏడు దాటితే కొత్తగూడ వైపు బస్సుండదు. నడుచుకుంటూ వస్తే దారంతా బండరాళ్ళూ, పునాదుల గోతులూ. రోజూ ఏదో ఒక గుట్టను పేలుస్తూనే ఉన్నారు. ఇంటివాళ్ళ పెద్దావిడ పుణ్యవతమ్మ నన్ను చూసి జాలిపడుతుంది. "ఒక్కనివే ఎట్లుంటవ్ బిడ్డా? జర ఎవలనన్న దోస్తుగాండ్లను పిలుచుకోరాదు?" అంటుంది. ఎవరున్నారని పిలుచుకోను? మీరొక్కరే. మీరేమో రానంటారు, రావద్దంటారు.

సరే, సాంబశివం గారి దగ్గరికి వద్దాం. ఆ కోర్టు సీను గుర్తు తెచ్చుకోండి. తల్లి బోనులో నిలబడి జడ్జిని అడిగే ప్రశ్న. ఆ గొంతు, ఆ విరుపు, ప్రశ్న తరవాత ఒక్క క్షణం ఆగి వీణ తీగ మీటడం. రేపల్లెలో ఆ సినిమా ఆడినన్నాళ్ళూ కిళ్ళీకొట్టు దగ్గర అందరి నోళ్ళలోనూ అదే మాట. సినిమా అంటే మాట కాదా? అవినాష్ కూడా అదే అంటున్నాడు. మాటలు తీసేస్తే సినిమాలో మిగిలేది గుడ్డ మీద వెలుగేనట.

మీరు నాకు రాసిన ఉత్తరంలో ఒక్క పాట గురించి గానీ, ఒక్క మాట గురించి గానీ లేదు. గమనించారా? తలలే తలలు!

రిపబ్లిక్ డే నాకు సెలవు. ఇంటికి రాను. మీ టాకీసుకే వస్తాను. ఆ జానెడు కిటికీలోంచి ఒక్క రీలు చూపించండి చాలు. బతిమాలుతున్నాననుకోండి.

మీ తమ్ముడు
భాస్కర్


బోరబండ,
14 ఫిబ్రవరి 1999.

భాస్కర్ తమ్మునికి,

నీ ఉత్తరం చేతికందేసరికి జెండా పండుగ దాటిపోయింది. అందినా రమ్మని రాసేవాణ్ని కాదు. ఓనరు బయటి మనిషిని కేబిన్‌లోకి రానివ్వడు. పట్టుబట్టకు.

మీ దిక్కు గుట్టలు పేల్చేది మాకు ఇక్కడిదాకా తెలుస్తున్నది. నేల అదిరి అరికాళ్ళు జిల్లుమంటాయి. మా ఇంటామె కనకలక్ష్మి వంట చేసే అర్రలో గిన్నెలు కిందపడతాయి.

మాట గొప్పది కాదని నేనెందుకంటాను? కానీ మాట లేకుండా చెప్పినవాడు ఇంకా గొప్పవాడు. నరహరి ఆఖరి సినిమా చూశావా? తొంభై ఒకటిలో తీశాడు. అప్పుడు మా టాకీసుకు రాలేదు. తర్వాత నేనే ఓనరు వెంటపడి ఉదయం ఆటకు తెప్పించాను. మూడు రోజులే ఆడింది. అందులో ఒకడికి మిల్లులో కొలువు పోతుంది. ఇంటికి వస్తాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తాడు. లోపల పెండ్లాం బియ్యం చెరుగుతుంటుంది. ఆమె తల ఎత్తకముందే మళ్ళీ చెప్పులు తొడుక్కుని మెట్ల మీద కూర్చుంటాడు. అంతే. మూడు నిమిషాలు. ఒక్క మాట లేదు, ఒక్క వాద్యం లేదు. ఇల్లు ఇల్లంతా చప్పుడు లేకుండా నిలబడుతుంది. ఆ మూడు నిమిషాలు నేను కిటికీ దగ్గర కండ్లు తుడుచుకున్నాను. నీకు సిగ్గు లేకుండా చెబుతున్నాను.

నీ మీద గౌరవం కొద్దీ సాంబశివాన్ని నా పట్టికలో చేర్చాను. తొమ్మిదో స్థానం. అవినాష్‌ను కూడా సంతోషపడమను.

నీ ఉత్తరం వచ్చిన రోజు రెండుసార్లు చదువుతాను. ఒకసారి కోపంగా, ఒకసారి మెల్లగా. రాయడం మానకు.

మొగిలన్న


కొండాపూర్,
11 ఏప్రిల్ 1999.

మొగిలన్నకు,

ఆలస్యమైంది. కారణముంది. మీరు చెప్పిన చెప్పుల సినిమా కోసం అమీర్‌పేటలో క్యాసెట్ షాపులన్నీ తిరిగాను. చివరికి ఒకచోట దుమ్ముకొట్టుకుని దొరికింది. వీసీపీ అద్దెకు తెచ్చి, పుణ్యవతమ్మ గారి టీవీకి తగిలించి, ఈ మధ్యాహ్నం చూశాను. ఆవిడ పదినిమిషాలు చూసి "గీ లొల్లి నాతోని కాదు బిడ్డా" అని లేచి వెళ్ళిపోయింది.

లొల్లే అన్నా! మీరు కండ్లు తుడుచుకున్న ఆ సీనులో మూడు నిమిషాలూ షెహనాయి మోగుతూనే ఉంది. ఊపిరి తీసుకోకుండా! దాని మీద మళ్ళీ ఒక గంభీరమైన గొంతు "ఓ పేదవాడా, నీ చెప్పులే నీకు తోడు" అంటూ వ్యాఖ్యానం చెబుతుంది. ఒక్క మాట లేదు, ఒక్క వాద్యం లేదు అని రాశారే! నేను రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. మీరు ఏ సినిమా చూశారు? మీకు వినపడలేదా? నరహరి అంటే పిచ్చి ఉండొచ్చు గానీ, లేనిది ఉన్నట్టు రాసి నన్ను బోల్తా కొట్టించాలని చూస్తారా?

అవినాష్‌కి ఈ కథంతా చెప్పాను. వాడు పడీపడీ నవ్వాడు. "మీ ఆపరేటర్ గారికి చెవులు లేనట్టున్నాయి, గొప్ప దర్శకుల పట్టిక ఆయనెందుకు వేయడం?" అన్నాడు.

కలవడం లేదు, టాకీసుకు రానివ్వడం లేదు, ఇప్పుడు సినిమా కూడా కల్పించి రాస్తున్నారు. నిజంగానే మనసుకు కష్టమేసింది. ఏమిటి మీ ఉద్దేశం?

భాస్కర్


కొండాపూర్,
9 మే 1999.

అన్నకు,

నెల కావస్తోంది, జవాబు లేదు. పోస్ట్‌మ్యాన్‌ని అడిగీ అడిగీ ఆయనకు నా మొహం చూస్తేనే విసుగు వస్తోంది.

కోపమొచ్చిందా? తిట్టండి. మొదటి ఉత్తరంలో నేనూ తిట్టాగా. సాంబశివాన్ని పదో స్థానానికి దింపినా ఒప్పుకుంటాను. అసలు తీసేయండి, పోనీ. పట్టిక మీ ఇష్టం.

ఒక్క కార్డు ముక్క రాస్తే చాలు.

భాస్కర్


కొండాపూర్,
20 జూన్ 1999.

అన్నకు,

వద్దన్నా వచ్చాను. పొద్దున బోరబండలో అడుగుతూ మీ టాకీసు దగ్గరికి వెళ్ళాను. ఉదయం ఆటకు టికెట్టు కొని, విశ్రాంతిలో మేడ మెట్ల దగ్గర నిలబడి, టికెట్లు చింపే అబ్బాయిని అడిగాను. దినేశ్ అట పేరు. ఆపరేటర్ మొగిలి గారిని ఒక్కసారి చూడాలి, పైకి వెళ్ళొచ్చా అన్నాను. అతను నన్ను వింతగా చూశాడు.

"మొగిలన్ననా? ఆయన పోయి ఏడాదైంది గద సారూ."

ఎలా పోయారని అడిగాను. అప్పుడతనే కంగారుపడి, "అయ్యో, పోవుడంటే కొలువు ఇడిచి పోయిండు. మంచిగనే ఉన్నడు. గా గల్లీల మూడో ఇల్లు" అన్నాడు. ఎందుకు మానేశారంటే చెవి దగ్గర వేలు పెట్టి చూపించాడు. "చెవులు ఇనరావు ఆయనకు. గంత లొల్లైనంక ఓనర్ ఎట్ల ఉంచుతడు?" అన్నాడు. ఏం లొల్లి అని నేను అడగలేదు. బెల్లు కొట్టారు, అతను తలుపులు వేయడానికి పరిగెత్తాడు.

మిగతా సినిమా చూడలేదు. గల్లీ మొదట్లో నిలబడ్డాను. మూడో ఇంటి ముందు ఒకావిడ వాకిలి కడుగుతున్నారు. వదినేమో. పలకరించలేదు. చెవులు లేవని మీకు కాగితం మీద రాసి పంపినవాణ్ని, ఏ మొహం పెట్టుకుని లోపలికి రాను? వెనక్కి తిరిగి వచ్చేశాను. దారంతా సిగ్గుతో చచ్చిపోయాను.

నాకు తెలీదన్నా. తెలిస్తే రాసేవాణ్ని కాదు. తెలియకుండా కూడా రాయాల్సింది కాదు. క్షమించమని అడగడానికి కూడా నోరు రావట్లేదు.

భాస్కర్


బోరబండ,
4 జులై 1999.

భాస్కర్‌కు,

గల్లీ దాకా వచ్చి తిరిగిపోయినావు. మంచి పని చేసినావో చెడ్డ పని చేసినావో నాకు తెలుస్తలేదు. నువ్వు అడగని లొల్లి సంగతి నేనే చెబుతాను. ఎవరో చెప్పగా వినేకన్న నేను రాస్తే నయం.

ప్రొజెక్టర్ల చప్పుడు పక్కన ఇరవై ఎనిమిదేండ్లు. ఆరేండ్ల కింద మొదలైంది. మొదట పక్షులు పోయినాయి, తర్వాత ఆడవాండ్ల గొంతులు, తర్వాత అన్నీ. దవాఖానలో నరం చచ్చిపోయిందన్నారు. నాతో పనిచేసే ఆపరేటరు లింగయ్య దాన్ని రెండేండ్లు దాచిపెట్టాడు. సౌండు చెడితే నా భుజం మీద తట్టేవాడు. నేను ముందే చూసుకున్నట్టు పోయి సరిచేసేవాణ్ని. ఓనరుకు తెలియదు.

నరహరి సినిమా తెప్పించానని రాశాను కదా. ఎన్ని రోజులు బతిమాలితే తెప్పించాడో! మూడో రోజు లింగయ్య పెండ్లికి పోయినాడు. నేనొక్కణ్నే ఉన్నాను. నాలుగో రీలు నడుస్తుండగా సౌండు బల్బు కాలిపోయింది. నాకెట్లా తెలుస్తుంది? బొమ్మ మంచిగనే ఆడుతున్నది. చెప్పుల సీను వచ్చింది. నేను కిటికీ దగ్గర ఉన్నాను. అప్పుడు జనం లేచారు. ఒక్కొక్కరు కాదు, హాలు హాలంతా లేచింది. లేచినవాళ్ళు బీడీకి పోలేదు. వెనక్కి తిరిగారు. తెరను వదిలి నా కిటికీ వైపు తిరిగి చేతులు ఎత్తి ఊపుతున్నారు.

ఇరవై ఎనిమిదేండ్లలో జనం నా కిటికీ వైపు తిరిగి చూసింది లేదు, తమ్ముడూ. నరహరి గొప్పతనం ఇప్పటికి తెలిసింది వీళ్ళకు, సినిమా తెప్పించినవాడికి దండం పెడుతున్నారు అనుకున్నాను. నా కండ్లలో నీళ్ళు. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి నేను కూడా ఊపాను.

వాండ్లు తిడుతున్నారు. పావుగంట నుంచి సౌండు లేదని అరుస్తున్నారు. నేను చెయ్యి ఊపేసరికి ఇంకా మండింది. కుర్చీలు విరిచారు. ఓనరు కేబిన్‌లోకి వచ్చి నా కాలరు పట్టుకున్నంక గాని నాకు తెలియలేదు. ఆ సాయంత్రమే తీసేశాడు.

చెప్పుల సీనులో షెహనాయి ఉందని నువ్వు రాసేదాకా నాకు తెలియదు. మూడు రోజులు చూసినా తెలియదు. నిన్ను బోల్తా కొట్టించాలని కాదు. నాకు కనిపించింది రాశాను.

ఇంట్లో ఏమున్నది? కనకలక్ష్మి మంచిది. మొదట్లో చెవి దగ్గర అరిచి చెప్పేది. మనిషి ఎన్నాళ్ళు అరుస్తుంది? ఇప్పుడు కంచం చూపిస్తుంది, నీళ్ళు చూపిస్తుంది. బయట కలిసినవాళ్ళు రెండు మాటలు గట్టిగా అరిచి, నేను బిక్కమొహం వేస్తే భుజం తట్టి వెళ్ళిపోతారు. పత్రికకు ఆపరేటరునని రాసింది అబద్ధం, నాలుగాటలు కూడా అబద్ధం. నీతో కాగితం మీద వాదిస్తుంటే నేను పూర్తి మనిషిని. ఎదురుపడితే నువ్వు కూడా రెండు మాటలు అరిచి పోతావని భయపడ్డాను. అందుకే రావద్దన్నాను. వేరే ఏం లేదు.

నీ మీద కోపం లేదు. అవినాష్ మీద ఉన్నది. ముఖం చూడని మనిషిని ఆ మాట అనవచ్చునా?

మొగిలి


కొండాపూర్,
11 జులై 1999.

అన్నకు,

మీరు అవినాష్ మీద కోపం పెట్టుకోకండి. వాడు ఆ మాట అనలేదు.

అవినాష్ జనవరి మొదటి వారంలోనే బెంగుళూరు కంపెనీలో చేరి వెళ్ళిపోయాడు. నాతో సినిమాల గురించి మాట్లాడింది నెలన్నర, అదీ టీ తాగేటప్పుడు. వెళ్ళేరోజు ఫోన్ నంబరు కూడా ఇవ్వలేదు. నేనూ అడగలేదు. ఆ సీటులో ఇప్పుడు ప్రింటరు పెట్టారు. మీకు జనవరిలో వాడి పేరుతో రాసింది నేను. మాటలు తీసేస్తే గుడ్డ మీద వెలుగే మిగులుతుందన్నది నేను. పడీపడీ నవ్వాడని రాశాను చూడండి, ఆ పూట గదిలో నేనొక్కణ్నే ఉన్నాను. చెవులు లేవన్న మాట నాదే. నా పేరుతో అనే ధైర్యం లేక లేనివాడి నోట్లో పెట్టాను.

ఎందుకలా చేశానంటే, ఎవరూ లేనివాణ్నని మీకు తెలిస్తే చులకనవుతానేమోనని. మీ ఉత్తరాల్లో "అవినాష్‌కు చెప్పు" అని ఉంటే, నాకు నిజంగా ఓ స్నేహితుడున్నట్టూ, ముగ్గురం కూర్చుని వాదిస్తున్నట్టూ అనిపించేది. కంపెనీలో అందరికీ ఈ-మెయిలుంది. ఈ ఏడాదిలో నాకు వచ్చినవన్నీ పని గురించే. మనిషి రాసినవి మీవొక్కటే.

రేపు నేను గదిలో పడి చచ్చినా పుణ్యవతమ్మ గారికి తప్ప తెలిసే దారి లేదు. ఇది జాలి కోసం రాయడం లేదు. మీరు నాకు ఉన్నదున్నట్టు రాశారు, నేనూ రాయాలి కదా.

నేను అరవనన్నా. అరవాల్సిన పని లేదు. పెన్ను తెచ్చుకుంటాను. వచ్చేదా?

మీ తమ్ముడు, ఒక్కడే,
భాస్కర్


బోరబండ,
18 జులై 1999.

భాస్కర్ తమ్మునికి,

చదివాను. మొదట కోపంగా, తర్వాత మెల్లగా. ఆరు నెలలు లేనివాడితో నన్ను కొట్లాడించినావు. నేను కూడా లేని నాలుగాటలు ఆడించాను. ఇద్దరికీ సరిపోయింది.

వచ్చే ఆదివారం పదకొండింటికి రా. కనకలక్ష్మికి కాగితం మీద రాసి చూపించాను. ఆమె చదివి, వంకాయ తింటాడా అని అదే కాగితం మీద అడిగింది. తింటావని రాశాను. ఒకవేళ తినకపోయినా తిను.

మొగిలన్న


బోరబండ, మీ ఎదుటి కుర్చీ,
25 జులై 1999.

అన్నా,

కూర్చున్నాను. వంకాయ తింటాను. ముందు పట్టిక తేల్చుదాం. ఇప్పటికీ సాంబశివానికే మొదటి స్థానం. ఆ తల్లి గొంతు విన్నవాణ్ని, అబద్ధం చెప్పలేను.


బోరబండ, నా ఇల్లు,
అదే తేదీ.

తమ్ముడూ,

ఇంటికొచ్చి భోంచేయక ముందే కయ్యమా? నీ అక్షరాలు ఉత్తరంలో కన్నా ఇక్కడ వంకరగా ఉన్నాయి. నావి కూడా అంతే. మొదటి స్థానం దామెర నరహరికే. షెహనాయి పెట్టడం సంగీతం ఆయన తప్పు. చెప్పులు నరహరివి.


అన్నా,

సీను ఒప్పుకుంటాను. టీవీ గొంతు నొక్కేసి మళ్ళీ చూశాను, మీకు చెప్పలేదు. ఏడ్చాను. అయినా మొదటి స్థానం ఇవ్వను. మూడు.


తమ్ముడూ,

మూడా? రెండు చెయ్యి. నేను సాంబశివాన్ని ఏడుకు తెస్తాను. నువ్వు ఆ కోర్టు సీనులో తల్లి గొంతు ఎట్లా విరిగిందో నాకు రాసి చూపించాలి. మాట కాదు, గొంతు. అది చదివినంక ఆరు సంగతి ఆలోచిస్తాను.

ఆగు. గుమ్మంలో కనకలక్ష్మి నిన్ను ఏదో అడుగుతున్నది. ఏమంటున్నది?


అన్నా,

"గంటసేపాయె, ఇద్దరు నోర్లు తెరుస్తలేరు, అప్పుడే కొట్లాడుకున్నరా ఏంది?" అంటున్నారు. ఏం చెప్పమంటారు?


తమ్ముడూ,

అవును, కొట్లాడుకుంటున్నామనే చెప్పు. ఇంకా రెండో స్థానం దగ్గరే ఉన్నామని, అన్నం ఇప్పుడే వద్దని చెప్పు.


అన్నా,

చెప్పాను. వదిన నవ్వారు.


తమ్ముడూ,

చూశాను. పండ్లు కనిపించినాయి, భుజాలు కదిలినాయి. ఆ నవ్వు చప్పుడు విని ఐదేండ్లయింది. ఎట్లా ఉన్నదో మరిచిపోయినాను.

సాంబశివాన్ని పక్కన పెట్టు. అది రాయి. తొందర లేదు, కాగితం నిండా రాయి.